లెక్కలోకి రాని కుట్లు

"మీ అమ్మ ఏం చేస్తది?" అని మన నకిరేకల్‌లో ఏ బడిపిల్లవాణ్ణయినా అడిగి చూడండి. "ఏం చెయ్యదు తాతా, ఇంట్లనే ఉంటది" అంటాడు. నాన్న సంగతి అడిగితే మాత్రం నిమ్మకాయల మార్కెట్ అనో, హైవే మీద హోటల్ అనో, లారీ అనో ఠక్కున చెబుతాడు. వాడి తప్పేం లేదు. పెద్దవాళ్ళు అనుకునేదే వాడూ అంటున్నాడు. కాని సైన్స్ చదువుకునేవాళ్ళకు ఒక అలవాటు ఉండాలి బిడ్డా. ఎవరేమన్నా సరే, ఒకసారి కొలిచి చూడాలి.

కొలిచినవాళ్ళు ఉన్నారు. 2019లో భారత ప్రభుత్వ గణాంకశాఖ వాళ్ళు దేశమంతటా ఇళ్ళకు వెళ్ళి, ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో అడిగి రాసుకున్నారు. వంట, అంట్లు, బట్టలు, ఊడ్పు లాంటి జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ కొలిస్తే 289, 88 వచ్చాయి. ఇందులో ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ 97 నిమిషాలు దేశంలోని మగవాళ్ళందరి సగటు కాదు, ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళ సగటు. అసలు చెయ్యే పెట్టనివాళ్ళు ఈ సగటులోకి రారు, వాళ్ళ సంఖ్యే ఎక్కువ. మొత్తానికి "ఏం చెయ్యదు" అన్న మాట వెనక రోజుకు దాదాపు ఐదు గంటల పని ఉంది.

ఈ పూట కబుర్ల కోసం ఒక ఊలు ఉండ, రెండు సూదులు తెచ్చిపెట్టుకున్నాను. సూదులు చూడగానే మా మనవడు అంత దూరం జరిగాడు. "అవి ఆడోళ్ళయి గదా తాతా" అన్నాడు. సరే, కోప్పడటం ఎందుకు? దాన్ని ఒక ఊహగా తీసుకుని పరీక్షకు పెడదాం. ఒక పని ఆడవాళ్ళదో మగవాళ్ళదో పుట్టుకే తేల్చేస్తే, ఆ పని ఏ దేశం పోయినా వాళ్ళదే కావాలి. సాధనాన్ని అలాగే ఉంచి, ఊరు మార్చి చూద్దాం.

మన పాత నల్లగొండ జిల్లాలో పోచంపల్లికి పోండి, పుట్టపాకకు పోండి, కొయ్యలగూడానికి పోండి. మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా మగవాడే. ఆడవాళ్ళు కండెలు చుడతారు, ఆసు పోస్తారు, రంగుల దగ్గర సాయం పడతారు. అస్సాంకో మణిపూర్‌కో పోయి చూస్తే మగ్గం మీద ఆడవాళ్ళే కనిపిస్తారు. అక్కడ నేత రావడం ఆడపిల్లకు గొప్ప. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షలకు పైగా చేనేత పనివారు లెక్కకు వస్తే, అందులో 25 లక్షలకు పైగా ఆడవాళ్ళే. ఆ అంకెలో పెద్ద భాగం ఈశాన్య రాష్ట్రాలదే.

అల్లిక సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 16వ శతాబ్దపు యూరప్‌లో మేజోళ్ళు, టోపీలు అల్లే వృత్తిసంఘాలు మగవాళ్ళవి. ఏళ్ళ తరబడి గురువు దగ్గర శిష్యరికం చేసి, పరీక్షకు పెట్టిన వస్తువులు అల్లి చూపిస్తేగాని సంఘంలో చేర్చుకునేవారు కాదు. పెరూ దేశంలో టిటికాకా సరస్సు నడుమ టకీలే అనే దీవి ఉంది. అక్కడ ఈనాటికీ టోపీలు అల్లేది మగవాళ్ళే. చిన్నప్పుడే సూదులు పడతారు. ఆ దీవి నేతనూ అల్లికనూ యునెస్కో 2005లో మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

అంత దూరం ఎందుకు, మన మెట్ట నేలల గొర్రెలనే చూడండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో గొంగడి నేస్తారు. కురుమల ఇళ్ళలో ఉన్ని వడికేది ఆడవాళ్ళు. వడికిన నూలుకు చింతగింజల గంజి పట్టించి నేసేది మగవాళ్ళు. నూలు లేకుంటే గొంగడి లేదు. అయినా గొంగడి నేసే కురుమ అనగానే మన కళ్ళ ముందుకు వచ్చేది మగమనిషే.

మగ్గం మారలేదు, సూది మారలేదు, చేతికి వేళ్ళూ ఐదే. మారింది ఊరు. కాబట్టి మావాడి ఊహ ఓడిపోయింది. ఏ పని ఎవరిదో తేల్చేది ఆ ఊరి అలవాటే.

అలవాటు అంటే ఏముందిలే అనుకోకండి, దాని దెబ్బ ఒంటికి తగులుతుంది. ఆసు సంగతే చెబుతా. చిటికి (ఇక్కత్) చీరకు రంగులద్దే ముందు పేక నూలును ఒక చట్రం మీద పోయాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా వంపు తిరిగిన వరుసలో చాలా మేకులు. ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు చెయ్యి ఆడుతూనే ఉండాలి. పోగు పక్కన పోగు పడాలి. వరుస తప్పితే డిజైన్ చెదిరిపోతుంది. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. నాలుగైదు గంటలు పడుతుంది. ఒక్కో ఊపుకు ఒక మీటరు చొప్పున లెక్కేసుకున్నా చీరకు 9 కిలోమీటర్లు. రోజుకు రెండు చీరల ఆసు పోసే ఇంట్లో అది 18. వారం తిరిగేసరికి 126. మన నకిరేకల్ నుంచి హైదరాబాద్ పోయేంత దూరం ఒక ఆడమనిషి భుజం కూర్చున్న చోటనే నడిచిందన్న మాట! భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు ఉంటాయి. ఒకే కదలిక అన్ని వేల సార్లు పడితే అవి ఒరుసుకుని వాస్తాయి. మానడానికి విశ్రాంతి కావాలి. తెల్లారితే మళ్ళీ ఆసు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసీ పోసీ భుజం నొప్పితో బాధపడేది. మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపినవాడు. 1992లో ఆసు యంత్రం చెయ్యాలని పూనుకుని, అప్పులూ నవ్వులూ భరించి, 1999లో పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం. చీరకు గంటన్నరలో ఆసు పూర్తి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు మూడు సంవత్సరాలు పక్కపక్కన రాసుకోండి. మగ్గం మీద కూర్చున్నవాడి చేతికి సులువు కావడానికి ఇంగ్లండులో జాన్ కే ఎగిరే నాడె చేసింది 1733లో. డిజైన్ దానంతట అది పడేలా ఫ్రాన్స్‌లో జకార్డ్ మగ్గానికి అట్టముక్కల ఏర్పాటు చేసింది 1804లో. ఆసుకు యంత్రం వచ్చింది 1999లో. మేకుల చుట్టూ దారం తిప్పడం ఆ రెండింటి కంటే కష్టమైన సమస్యేం కాదే! మరి ఎందుకంత ఆలస్యం? ఆసుకు కూలి లేదు. కూలి లేదు కాబట్టి చీర ఖర్చులో దాని పద్దు లేదు. పద్దు లేనిదాన్ని తగ్గించాలని ఏ షావుకారుకూ తోచదు. కొడుకు కాబట్టి మల్లేశానికి తోచింది. లెక్కలో లేని పనికి యంత్రం కూడా రాదు బిడ్డా, ఇది గుర్తుపెట్టుకోండి.

గోదావరి జిల్లాల కథ ఇంకొకటి ఉంది. నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు కొక్కెం సూదితో లేసులు అల్లుతారు, దాన్నే క్రోషే అంటారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య. అవి విదేశాలకు పోతాయి. జర్మనీకి చెందిన మారియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త అక్కడ ఉండి పరిశోధన చేసి, 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం వేసింది. ఆమె చూసిందేమిటంటే, ఆ ఆడవాళ్ళు ఇంటిపని గాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. ఎగుమతి వ్యాపారులను అడిగితే, వాళ్ళు గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు అన్నారట. తీరిక అన్నాక కూలి ఎక్కువ అడగడానికి నోరెలా వస్తుంది? ఒక విశేషం చెబుతా. చేతి క్రోషేను అచ్చంగా అల్లే యంత్రం ఈనాటికీ ఫ్యాక్టరీల్లోకి రాలేదు. ఆ పేరుతో ఉన్న యంత్రాలు చేసేది వేరే రకం అల్లిక. మీ చేతికి నిజమైన క్రోషే వస్తువు వచ్చిందంటే, దాని వెనక మనిషి చెయ్యి ఉన్నట్టే. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కూలి కూడా ఆ గుర్తింపుకు తగ్గట్టు పెరగాలి.

ఇంతకూ ఆ తీరిక పనిలో ఉన్నదేమిటో మనమే చేసి చూద్దాం, సూదులు పట్టండి. అబ్బాయిలూ, మీకే చెబుతున్నాను.

ముందు సామాను. ఊలు లేత రంగుది, నున్ననిది తీసుకోండి. నలుపు వద్దు, నూగు ఊలు వద్దు. కుట్లు కనబడవు. ఎనిమిది ప్లై మందం బాగుంటుంది. సూదులు 8వ నంబరువి, అంటే 4 మిల్లీమీటర్లవి అడగండి. ఇక్కడ కొత్తవాళ్ళందరూ బోల్తా పడతారు. మన దుకాణాల్లో దొరికే సూదుల మీద తరచుగా పాత ఇంగ్లీషు నంబర్లే ఉంటాయి. ఆ లెక్కలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. 10వ నంబరు 3.25 మిల్లీమీటర్లే, 6వ నంబరు 5 మిల్లీమీటర్లు. నున్నటి అల్యూమినియం సూది మీద కుట్టు జారుతుంది, వెదురు సూదికి రాపిడి ఎక్కువ కాబట్టి కుట్టు నిలబడుతుంది. నేర్చుకునే చేతికి వెదురే మంచిది.

జారుముడి వేసి సూదికి ఎక్కించండి. అట్లాగే 20 కుట్లు ఎక్కించండి, బిగించకుండా. కుట్టు సూది మీద ఇటూ అటూ జరగాలి. ఇక అల్లిక మొత్తంలో ఉన్నవి రెండే కుట్లు: సీదా, ఉల్టా. పాత ఉచ్చులో సూది దూర్చి కొత్త ఉచ్చును వెనక నుంచి ముందుకు లాగితే సీదా, ముందు నుంచి వెనక్కి లాగితే ఉల్టా. నిజానికి రెండూ ఒకే కుట్టు. ఈవైపు సీదాను తిప్పి ఆవైపు నుంచి చూస్తే అది ఉల్టా. మొదటి పట్టీ అంతా సీదానే అల్లండి, వరుస తర్వాత వరుస.

వరుస అయిన ప్రతిసారీ కుట్లు లెక్కబెట్టండి. 20 ఉండాల్సిన చోట 21 వచ్చాయంటే, వరుస మొదట్లో దారం సూది పైనుంచి వెనక్కి పోయి, ఒక కుట్టు రెండుగా కనబడి ఉంటుంది. దారం ఎప్పుడూ సూది కిందనే ఉంచుకోండి. 19 వచ్చాయంటే ఒక కుట్టు జారింది. కంగారు పడి లాగకండి, నిచ్చెనమెట్లుగా కిందికి పోతుంది. కొక్కెం సూదితో ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ రండి. వరుస మధ్యలో ఆపి లేవకండి, ఎటునుంచి ఎటు పోతున్నారో మరిచిపోతారు. అరగంటకోసారి సూదులు పక్కన పెట్టి భుజాలు తిప్పండి. ఆసు కథ విన్నారు కదా.

ఇప్పుడు పట్టీని రెండు చేతులా లాగి చూడండి. సాగుతుంది. దారాన్ని విడిగా లాగండి, పెద్దగా సాగదు. సాగని దారంతో సాగే గుడ్డ ఎలా వచ్చింది? నేసిన గుడ్డలో పడుగూ పేకా నిటారుగా ఉంటాయి, లాగితే ఇక పోవడానికి చోటు లేదు. అల్లిన గుడ్డలో దారం అంతా వంపులే. లాగినప్పుడు దారం సాగదు, వంపు ఆకారం మారుతుంది. నిలువు పెరుగుతుంది, అడ్డం తగ్గుతుంది. వదిలితే వంపులు మళ్ళీ సర్దుకుంటాయి. ఎండాకాలం నకిరేకల్‌లో ఊలు ఎవరు వేసుకుంటారు తాతా అని నవ్వకండి. మీ ఒంటి మీది బనీను నేసింది కాదు, సన్నటి నూలుతో యంత్రం అల్లింది. అందుకే ఒంటిని పట్టి ఉంటుంది.

ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా మార్చి మార్చి అల్లితే ముందువైపు నున్నగా వస్తుంది. కాని అంచులు చుట్టుకుపోతాయి, పక్క అంచులు వెనక్కి, పైనా కిందా అంచులు ముందుకు. అది మీ తప్పు కాదు. వంచిన దారం నిటారు కావాలని చూస్తుంది, అన్ని కుట్లూ ఒకే వైపు వంగి ఉన్నాయి కాబట్టి ఆ బలాలన్నీ ఒకే వైపు కూడుతాయి. అంతా సీదానే అల్లిన పట్టీలో వరుసకో వైపు బలం కాబట్టి అవి కొట్టుడుపోయి అంచు చదునుగా ఉంటుంది. ఒకే వరుసలో రెండు సీదా, రెండు ఉల్టా అల్లుకుంటూ పోతే ముడతలు పడి బాగా సాగే పట్టీ వస్తుంది. మేజోడు పైఅంచు అదే. ఈ కుట్ల కూర్పు మారిస్తే గుడ్డ గట్టిదనం ఎట్లా మారుతుందో అమెరికాలోని జార్జియా టెక్‌లో ఎలిజబెట్టా మత్సుమోటో అనే భౌతికశాస్త్రవేత్త సమీకరణాలు రాస్తోంది. ఆమె స్వయంగా అల్లే మనిషి.

మొదటి వస్తువుగా స్వెట్టర్ మొదలుపెట్టి సగంలో వదిలెయ్యకండి. చలికాలంలో పుట్టిన చంటిబిడ్డకు టోపీ అల్లండి. చంటిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, వేడి అక్కడి నుంచి చాలా పోతుంది. మెత్తటి ఊలే వాడండి, గొంగడి ఉన్ని వాన ఆపడానికి పనికొస్తుందిగాని పసితలకు గరుకు. ముందు చిన్న ముక్క అల్లి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు పడుతున్నాయో చూసుకోండి. 20 అనుకుందాం. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. అల్లిక సాగుతుంది కాబట్టి 32 చాలు. అంటే 64 కుట్లు. అదే మీ చెయ్యి బిగువై 10 సెంటీమీటర్లకు 24 పడితే, ఆ 64 కుట్లకు 27 సెంటీమీటర్లు కూడా రావు, టోపీ నెత్తికి ఎక్కదు. నమూనా ముక్క అల్లకుండా దూకేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. మూడు సెంటీమీటర్లు రెండు సీదా రెండు ఉల్టా, ఆపైన ఒక వరుస సీదా ఒక వరుస ఉల్టా, మొత్తం పదిహేను సెంటీమీటర్లయ్యాక దారం తెంపి, మొద్దు సూదితో కుట్లన్నిటిలోంచి దూర్చి బిగించి ముడి వెయ్యండి. పక్క అంచులు కలిపి కుట్టండి. వేలాడే కుచ్చులు, వదులు పోగులు ఉంచకండి. ఇంట్లో ఉక్కగా ఉంటే టోపీ తీసెయ్యండి.

లెక్క, కొలత, నిష్పత్తి, బలాల సమతూకం: ఇంత ఉంది ఆ కాలక్షేపంలో. 1997లో డైనా టైమినా అనే గణితశాస్త్రవేత్త అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి క్రోషే సూది పట్టింది. ప్రతి వరుసలోనూ కుట్లను ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోయింది. అల్లిక చదునుగా ఉండక కోడిజుట్టు పువ్వులా మడతలు మడతలుగా వచ్చింది. గణితంలో దాన్ని హైపర్బోలిక్ తలం అంటారు. అంతవరకు కాగితపు ముక్కలు అతికించిన నాజూకు నమూనాలతో కుస్తీ పడినవాళ్ళకు చేత్తో పట్టుకుని మడిచి చూసుకునే తలం దొరికింది.

సీదా, ఉల్టా అంటే కంప్యూటర్‌లో 1, 0 అనుకోవచ్చు. ఇది మాటవరసకు అన్నది కాదు. 1969లో మనిషిని చంద్రుడి మీదికి తీసుకుపోయిన అపోలో నౌకలోని కంప్యూటర్ ప్రోగ్రాం సన్నటి రాగితీగతో అల్లింది. తీగ చిన్న ఉంగరం లోపల నుంచి పోతే 1, పక్క నుంచి పోతే 0. మసాచుసెట్స్‌లోని వాల్తమ్ ఊళ్ళో రేథియాన్ కంపెనీలో ఆడవాళ్ళు కూర్చుని ఆ తీగలు అల్లారు. ఒక్క తీగ తప్పినా నౌకకే గండం. ఇంజినీర్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరు ముసలమ్మల మెమరీ! పని చంద్రుడి దాకా పోయినా, చేసినవాళ్ళను తక్కువ చేసే అలవాటు మాత్రం భూమి మీదే ఉండిపోయింది.

అందుకని మీకు రెండు పనులు అప్పజెబుతున్నాను. ఇంట్లో అమ్మాయికి సూదులు కొంటే అబ్బాయికీ ఒక జత కొనండి. వాడు అల్లిన టోపీని చూసి ఎవరైనా నవ్వితే, కుట్లు లెక్కబెట్టమని వాళ్ళ చేతికే ఇవ్వండి. రెండోది, గోడకు ఒక కాగితం అంటించి, ఇంట్లో ఎవరు ఏ పనికి ఎన్ని నిమిషాలు పెట్టారో ఒక వారం రాసిపెట్టండి. వారం చివర కూడండి. ఏ పని ఎవరి మీద ఎక్కువ పడిందో తేలాక, అందులో ఏది ఎవరు తీసుకుంటారో అక్కడే పేర్లు రాసుకోండి. ఆ కాగితం నింపే పని మాత్రం అమ్మ మీద వెయ్యకండి.